దిక్కున్న నీరు

హల్ నగరంలో నవంబరు. మూడున్నరకే దీపాలు.
కిటికీ అవతల హంబర్ నది
ఆటుకీ పోటుకీ మధ్య
ఎటూ తేల్చుకోక, బురద రంగులో నిలబడి ఉంది.

హేజెల్ గాజుపలకని ముఖమల్ గుడ్డతో రుద్దుతోంది,
ఒకే వైపు, పన్నెండు సార్లు,
పిల్లిని నిమిరినట్టు.
"ఒక్కసారి వెనక్కి రుద్దావో, రోజంతా వృథా."
ముప్ఫై ఒక్క ఏళ్లుగా ఆమె చెయ్యి తూర్పుకే పోతోంది.

రెండు పలకల నడుమ ఒక చుక్క.
చిన్నప్పుడు నా ఉబ్బసానికి పీల్చిన మందే అది.
నీళ్లలో చిక్కగా కలిపితే
అణువులు దొంతరలై, దొంతరలు బారులై
పలక మీది రుద్దుడు గుర్తుపట్టి
మగ్గమెక్కిన పడుగులా సాగుతాయి.

నిలిచిన నీటికి దిక్కేమిటని నవ్వాను మొదట.
ప్రవాహం లేదు, వాలు లేదు.
ఏటికి ఎదురీదడానికి అసలు ఏరే లేదు.

మట్టిలోంచి తెచ్చిన క్రిములను వదిలాం.
మామూలు నీళ్లలో ఇవి
కాస్త పోయి, దొర్లి, మళ్లీ ఎటో పోయి,
దిక్కులేని నీళ్లలో దిక్కులు చూసేవి.
ఇక్కడ తిన్నగా, పోగు వెంట పోగై.
నాడెలా అడ్డంగా పోదామంటే నీరు ఒప్పుకోదు.
వెనుదిరగాలంటే ఒళ్లు తిప్పవు,
తోకల్ని అటు చివర నుంచి ఇటు చివరకు మార్చుకుంటాయి, అంతే.
తోక ఆపిన చోటే ఆగుతాయి.
జారిపోవడమంటే ఏమిటో వాటికి తెలియదు.

వేడి కొంచెం పెంచి చూశాను.
పడుగు తెగి, వెలుగులో నల్లమచ్చలు విచ్చుకున్నాయి,
ఆ నలుపులో మళ్లీ పాత తిరుగుడు.

గుంపు పెరిగితే ఇంకో సంగతి:
వీటి తోకల తాకిడికి బారులే వంకర్లు పోతాయి.
పడుగు చీలి మూడు దారులైన చోట
ఒక్కటీ నిలవదు. ఎందుకో
నోటుపుస్తకంలో సగం పేజీ ఖాళీగానే ఉంది.

గురువారం పలకలో మాత్రం
అన్నీ కాస్త ఉత్తరానికి ఒరిగి ఈదుతున్నాయి.
లెన్సు మార్చాను, పలక సరిచూశాను, మళ్లీ చూశాను.
హేజెల్ వంగి కన్ను ఆనించింది.
చాలాసేపు మాట్లాడలేదు.
"గురువారం నాకు భుజం నొప్పి," అంది.

వేల క్రిములు
ఆమె నొప్పి వెంట వాలుగా పోతూనే ఉన్నాయి.

ఆ పలకని పారెయ్యలేదు.
తేదీ వేసి, అరలో పెట్టాను.