మూడో గేరు

షోరూం కుర్రాడు మళ్ళీ ఫోన్ చేశాడు.
కొత్త మోడలొచ్చింది సార్,
పాతదానికి మంచి రేటిస్తాం, శనివారంలోపు చెప్పండి.

నలభై కౌంటు రొయ్య కిలో ఎంతుందో కనుక్కుని
తెల్లమచ్చ రాదనే ధైర్యంతో
రెండు గుంటల పంటా కూడి చూశాను.
లెక్క టైర్ల దాకా వచ్చి ఆగింది.

పదమూడేళ్ళ బండి. రెండే సీట్లు.
మైపాడు ఉప్పుగాలికి తలుపుల కింద
గోధుమరంగు దద్దుర్లు లేచాయి.
మూడో గేరు బతిమాలితే గాని పడదు.
మస్తాన్‌వలి బానెట్ ఎత్తి
"ఇంకో వానాకాలం లాగుద్దిలే" అంటాడు,
అయిదు వానాకాలాల నుంచీ.

మొన్న చెన్నైలో కొత్తది నడిపాను.
వేగం ఉంది, కాదనను.
వంద దాటిందని తెరమీద అంకె చెప్పింది గానీ
నా వెన్నుకు తెలియలేదు.
అలవాటుగా ఎడమ చెయ్యి
రెండుసార్లు గాలిని పట్టుకుంది.
కుర్రాడు మర్యాదగా కిటికీలోంచి బయటికి చూశాడు.

రాత్రిపూట ఇందుకూరుపేట దాటి
అడుగు గీసుకుంటూ కాలవగట్టు ఎక్కితే
మలుపులో మూడో గేరు అరుస్తుంది.
ఆ అరుపుకే అవతల పెంచలయ్య
దుప్పటి విసిరేసి ఏరేటర్ల దగ్గర నిలబడతాడు,
అసలు కన్నే మూయనట్టు.

కొత్తది కొంటున్నానేమో అన్నాను.
చాలాసేపు గుంటవైపు చూసి
"అది సప్పుడు చెయ్యదంట గదా సార్" అన్నాడు.

ఇవాళ శనివారం.
ఫోన్ సీట్లో మోగుతోంది.
నేను బండి కింద వెల్లకిలా పడుకుని
టార్చి పట్టుకుని
తుప్పు ఎందాకా పోయిందో చూస్తున్నాను.