డ కింద చుక్క

తొమ్మిదిన్నరకి షట్టరు సగం దించి
చిల్లర లెక్కపెట్టుకుంటున్నాను.
పర్లాకిమిడి బస్టాండు సద్దుమణిగింది గాని
బల్ల కింద రెండో కంప్యూటరు ఇంకా ఆయాసపడుతోంది.

దానికి నేనేం పని చెప్పలేదు.
ఫారాల్లేవు, ప్రింట్లు లేవు.
డబ్బా మీద అరచెయ్యి వేస్తే
జొరమొచ్చిన పిల్ల వీపు.

ఎవరేం చేస్తున్నారో చూపించే పట్టీ తెరిచాను.
తెరిచీ తెరవగానే ఫ్యాను నెమ్మదించింది.
మూశాను. రొద.
తెరిచాను. గప్‌చిప్.
హెడ్మాస్టరు చెప్పుల చప్పుడు కనిపెట్టే క్లాసు
నేనూ చదివాను లెండి.
యాంటీవైరస్ మాత్రం
పెళ్లి కుదిర్చే పెద్దమ్మలా
అంతా బాగుందంటూ పచ్చ టిక్కు పెట్టింది.

మధ్యాహ్నం ఇసాక్ వచ్చి వెళ్లాడు,
సెరంగో కొండల్లోంచి, స్కాలర్‌షిప్పు ఫారానికి.
మెడలో తాడుకి పెన్‌డ్రైవు.
"నీ దాన్లోంచే వచ్చింది" అనేశాను ఫోన్లో.
అవతల కాసేపు ఏమీ లేదు.
తర్వాత ఒడియాలో, మెల్లగా,
"అపా, అందులో మా చెల్లి మార్కులే ఉన్నాయి."

నెట్టు వైరు పీకేశాను.
మెషీను లేవగానే దాంతోపాటు లేచేవాళ్ల పేర్లు
వేలు పెట్టి చదివాను, బియ్యంలో రాళ్లేరినట్టు.
అన్నీ ఇంటివాళ్ల పేర్లే.
ఒక్కదాంట్లో
హెచ్ ఉండాల్సిన చోట ఎన్.

వేరే ఎవరైనా దాటిపోదురు.
మా ఇంటిపేరు పేడాడ.
ఒడియాలో డ కింద చుక్క పడితే నాలుక మడతపడుతుంది.
రేషన్ కార్డులో పెరార,
పట్టాలో పెడార,
నాన్న చావు కాగితంలో ఎవరో మూడో మనిషి.
ఒక్క చుక్క కోసం
తహసీలు మెట్లు అరగదీసిన కళ్లివి.

దొరికినదాని పుట్టిన తేదీ చూశాను.
పోయిన నెల పదకొండు, మధ్యాహ్నం రెండూ నలభై.
అప్పటికి ఇసాక్ మా గుమ్మమే ఎక్కలేదు.
ఆవేళ నేను
చుక్కలు సరిగ్గా పడే ఒడియా ఫాంటు
ఎక్కడో ఉచితంగా దొరికిందని
సంబరంగా దింపుకున్నాను.

చెరిపాను. గంటకి మళ్లీ పుట్టింది.
దాన్ని తట్టి లేపే అలారం
ఇంకో గూట్లో దాక్కుని ఉంది.
ఇక ఓపిక లేదు. ఫారాలు పక్కకి తీసుకుని
డిస్కంతా తుడిచేశాను.

తెల్లారింది. గుణుపురం బస్సు హారను.
డబ్బా చల్లగా ఉంది, అయినా చెయ్యి తియ్యబుద్ధి కాలేదు.
ఆ కుర్రాడికి చెయ్యాలి.
నా ఫోన్లో ఇసాక్, వాడి ఫారంలో ఇశాక్.
ముందు ఆ అక్షరం దిద్దాను.
అప్పుడు నొక్కాను.