మూడో వాల్వు

మేం ముగ్గురం.
పోర్టులో క్రేను నడిపి రిటైరైన గౌరునాయుడు,
పళ్ల డాక్టరు నఫీజా,
కరెంటాఫీసులో బిల్లులు దిద్దే నేను.
ఆదివారాలు పూర్ణా మార్కెట్ వెనక పాత సామాన్ల కొట్లలో
రికార్డుల అట్టలు వాసన చూసి కొనేవాళ్లం.
జాజ్ అంటే జాజిపూలా అని మా ఆవిడ
మొదటేడు నిజంగానే అడిగింది.
తర్వాతి ఏళ్లన్నీ వెక్కిరించడానికి అడిగింది.

ఎవరో ఒక మాట చెవిన వేశారు:
అరవై మూడు క్రిస్మస్ డాన్సుకి
వాల్తేరు రైల్వే ఇన్‌స్టిట్యూట్‌లో వాయించిన బ్యాండుని
స్పూలు టేపు మీద పట్టారని.
ఏ కంపెనీ అచ్చు వెయ్యలేదు, ఏ కొట్లోనూ అమ్మలేదు.
ఆ ఒక్క మాట వెంట నాలుగేళ్లు తిరిగాం.

జ్ఞానాపురంలో, చర్చి గంట గోడల్ని తాకేంత దగ్గర్లో,
డోరీన్ మిస్సు మంచం కింద నుంచి
బిస్కెట్ల డబ్బా లాగారు.
"నాన్న క్లారినెట్ వాయించేవారు. హుద్‌హుద్‌కి తడిసింది.
పారేద్దామనుకుంటూ మర్చిపోయాను."
ఆ మతిమరుపుకి దండం పెట్టాలనిపించింది.

తడిసిన అప్పడాల కట్టలా
పొర మీద పొర అంటుకుపోయిన టేపుని
గౌరునాయుడు పదకొండు రాత్రులు విప్పాడు,
ఓడల కడుపులు ఖాళీ చేసిన చేతులతో, ఊపిరి బిగబట్టి.
వేళ్ల మీద గోధుమరంగు పొడి రాలింది.
"ఇదీ పాటే కదా" అన్నాడు, చెయ్యి దులుపుకోకుండా.

దక్కింది రెండు నిమిషాల నలభై సెకన్లు.
ముందు కుర్చీలు జరిగిన చప్పుడు. ఎవరిదో దగ్గు.
డ్రమ్ము మీద బ్రష్షు, చేటలో బియ్యం చెరుగుతున్నట్టు.
ఉప్పుగాలి తిన్న పియానో మెట్టొకటి
టక్కుమంటుంది తప్ప పలకదు.
అప్పుడు ట్రంపెట్.
డాల్ఫిన్స్ నోస్ మీది దీపం
నీళ్లని ముట్టుకుని వదిలేసి మళ్లీ వెతికి ముట్టుకున్నట్టు
వచ్చింది, పోయింది, వచ్చింది.
ఇంతలో హార్బర్‌లో ఓడ కూసింది.
ట్రంపెట్ ఆగింది.
ఓడ గొంతుకి వెంట్రుకవాసి కిందగా
ఒక్క స్వరం పెట్టి, అక్కడే నిలబడిపోయింది.
టేపు అయిపోయింది.

ఆ స్వరం గురించి మూడు వారాలు కొట్టుకున్నాం.
నఫీజా దాన్ని జవాబంది.
నేను విలాపమన్నాను, ఒక నోటుబుక్కు నింపాను.
గౌరునాయుడికి మాత్రం
ఆ ఓడ సరుకుతో ఉందా ఖాళీగా ఉందా అన్నదే దిగులు.

బ్యాండు ఫొటోలో ట్రంపెట్ లేదు.
వెనక రాసిన పేర్లలోనూ లేదు.
ఖర్చుల పుస్తకంలో, చెదలు వదిలేసిన మూలలో ఉంది:
కుర్చీలు వేసి, బాజా ఊది, కుర్చీలు తీసినందుకు
ముత్యాల అప్పన్నకు మూడు రూపాయలు.

రెల్లి వీధిలో మనవడు సింహాద్రి
పెళ్లి బ్యాండు కోటు గుండీలకి చింతపండు పెట్టి తోముతున్నాడు.
ఫోను చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు.
"తాతే" అన్నాడు. మళ్లీ పెట్టమన్నాడు.
ఓడ కూసిన చోట పగలబడి నవ్వాడు.
"మూడో వాల్వు బావూ! నొక్కితే దిగీది, మరి లేచీది కాదు.
ఎంత నూనేసినా అంతే.
దాన్ని తాత తిట్టని తిట్టు లేదు."

మేం ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.
నఫీజా టీ గ్లాసు గట్టు మీద పెట్టింది,
చప్పుడు కాకుండా.

అటక మీంచి దించాడు దాన్ని.
ఇత్తడి కంటే సొట్టలే ఎక్కువ.
ఊదమంటే ఊదనన్నాడు,
సాయంత్రం ఊరేగింపుందట, పెదవి దాచుకోవాలట.
నా చేతిలో పెట్టాడు.

మూడో వాల్వు నొక్కాను. దిగింది.
వేలు తీశాను.
పైకి రావడానికి అది
తనకి కావలసినంత సేపు తీసుకుంది.