ఈగ దూరేంత సందు

రాడోవ్లియిత్సాలో, తేనె సంఘం మేడమీద,
మార్చి నెల. కిటికీ అవతల కొండలకి ఇంకా మంచు.
త్సిరిలా నా బల్ల మీద బరబరా ఒంపింది
ముప్పై ఒక్క ఏళ్ళ నోటుపుస్తకాలు.
తేనె మరకలకి అతుక్కుపోయిన పేజీలు,
ఒకదాంట్లో గుర్తుగా పెట్టినట్టు చచ్చిన ఈగ.

"వీటన్నిటినీ ఒక టేబుల్‌లో పెట్టు" అంది.

పెట్టె నంబరు అందరూ రాశారు. తేదీ రాశారు.
బరువు చాలామందే రాశారు.
ఆ తర్వాత ఎవరి లోకం వాళ్ళది.
బోగోమిర్ రాణీగ వీపు మీది చుక్క రంగు రాస్తాడు.
లూడ్విక్ గాలి దిక్కు రాస్తాడు,
పెళ్ళాం తిట్టిన రోజులు కూడా.
స్లావ్‌కా అనే ఆవిడ ఒక వేసవంతా
ఒకటే మాట రాసింది: చెస్ట్‌నట్ వాసన.

మొదటి రాత్రి అన్నిటికీ కాలమ్‌లు వేశాను.
నూట నలభై ఏడు.
తెల్లారి చూస్తే ఖాళీ గడులే,
ఈగలు లేచిపోయిన పట్టులా.
ఖాళీ అయితే ఖాళీ, పోనీ అనుకోవచ్చు.
కానీ ఇది ఏ ఖాళీ?
పేను లేదనా?
పేను కోసం చూడలేదనా?
చూసి, చేతులు వణికి, రాయలేకపోయాడా?

రెండో రాత్రి, సంగతి పేరుకొక గడి, విలువకొక గడి,
ఒక్కో మాటనీ ఒక్కో వరుసగా చీల్చాను.
ఒక్క పెట్టెని మళ్ళీ నిలబెట్టాలంటే
పదకొండు అతుకులు.
ఈగని రెక్కా కాలూ విడదీసి
ఏదీ, ఎగురు, అన్నట్టుంది.

మూడో రాత్రి విసుగొచ్చి
గంపగుత్తగా జేసన్‌లో పోసేశాను.
ఎంత హాయో! దేన్నీ కాదనదు.
బరువు, బరువు-కిలోలు, బరవు
పక్కపక్కనే పడుకున్నాయి, ఒకదాని మొహం ఒకటి ఎరగకుండా.
పోయినేడు తేనె మొత్తం ఎంతని త్సిరిలా అడిగితే
డేటాబేస్ మూడోవంతు నిజం చెప్పింది.
తడుముకోకుండా చెప్పింది. అదీ నా భయం.

ఎండ కాసిన శనివారం బోగోమిర్
పుస్తకాల బీరువాలా వెనకనించి తెరుచుకునే పెట్టె చూపించాడు.
చట్రానికీ చట్రానికీ మధ్య చిటికెనవేలు ఆనించి,
"ఎనిమిది మిల్లీమీటర్లు. ఈగకి దారి.
తగ్గించావా, జిగురు పెట్టి మూసేస్తాయి.
పెంచావా, అక్కడే ఇష్టమొచ్చినట్టు పట్టు కడతాయి,
కోస్తేగానీ రాదు."
ఓ మూల వంకరటింకర పట్టొకటి వేలాడుతోంది.
మరి అదో?
"అక్కడ చట్రం పెట్టడం మరిచాను.
కొయ్యను. ఆ తేనె అమ్మను కూడా."

ఇంటికొచ్చి నాలుగు కాలమ్‌లు గీశాను:
పెట్టె, తేదీ, రాసినవాళ్ళు, బరువు.
మొదటి మూడూ తప్పనిసరి. బరువుని బలవంతపెట్టలేదు.
ఐదోది జేసన్. పేరు: మిగతా.
గాలీ, తిట్లూ, వాసనా అందులో.
గోడకి చీటీ అంటించాను:
మిగతాలోంచి ఒకే సంగతిని ఎవరైనా మూడుసార్లు అడిగితే
దానికి సొంత గడి కట్టాలి.

మేలో చుక్క రంగు బయటికొచ్చింది.
జూన్‌లో పేల లెక్క. దానికి రెండు గడులిచ్చాను:
చూశారా. ఎన్ని.

చెస్ట్‌నట్ వాసనని ఇంతవరకూ ఎవరూ అడగలేదు.
అందరూ వెళ్ళిపోయాక నేనే అడుగుతాను,
పనేమీ లేకుండా, ఆ వేసవి వరుసల కోసం.

రెండుసార్లయింది.