తక్కువైనందుకు

ఓటేరిలో మా ఇస్త్రీబండి పక్కనే బ్యాంకు.
దాని ఏసీ డబ్బా వదిలే వేడీ
నా బొగ్గుల పెట్టె వేడీ
మధ్యాహ్నానికల్లా ఒకటైపోతాయి.

పాసుబుక్కు అచ్చేయించిన రోజు చూశాను:
నూట డెబ్బై ఏడు. నూట డెబ్బై ఏడు. మళ్ళీ.
పద్నాలుగు నెలలు.
ఇదేంటని అడిగితే
"ఖాతాలో ఉండాల్సినంత లేదమ్మా" అంది కౌంటర్లో పిల్ల.
లేదని నాకు తెలీదా?
లేనిదాంట్లోంచి ఎలా తీశారన్నదే నా ప్రశ్న.

చొక్కాకి పది రూపాయలు నాకు.
అంటే నెలకి పద్దెనిమిది చొక్కాలు
వాళ్ళకి ఊరికే రుద్దిపెట్టాను,
ఆఖరి చొక్కాకి ఒక్క చెయ్యి తప్ప.

అర్జీ రాసిచ్చింది లా చదివే ఇళంగో.
రెండు ప్యాంట్లూ, ఉన్న ఒక్క నల్లకోటూ
ఇస్త్రీ చేసిస్తే చాలన్నాడు.
జెరాక్సులకి ముప్పై నాలుగు.
కోర్టు ఫీజు లేదన్నారు. నమ్మకం చాలక
వంద నోటు కొంగున కట్టుకునే వెళ్ళాను.

మూడు వాయిదాలు. మూడు రోజులు బండి మూత.
నాలుగోసారి "తేసమ్మా" అని కేకేశారు.
దేశమ్మనే నేను, లేచాను.

బ్యాంకు వకీలు
ముందుగానే మెసేజీలు పంపామన్నాడు,
మూడేళ్ళ కింద బస్సులో పోయిన నంబరుకి.
కోసింది మేం కాదు, సిస్టమ్ కోసుకుంటుంది అన్నాడు.
ఆ సిస్టమ్ అనే ఆయన్ని కూడా పిలిపించండయ్యా అన్నాను.
పైన కూర్చున్న మేడమ్ నవ్వు ఆపుకున్నారు.
నేను నవ్వించడానికి అనలేదు.

ఇంకేమైనా చెప్పాలా అని అడిగారు.
వారానికి ఒక్క చొక్కా తెచ్చేవాళ్ళున్నారు నాకు.
పని పోయి, ఇంటర్వ్యూలకని
అదే నీలం చొక్కా తెచ్చే ఆయనొకడు.
చిరుగు కనపడకుండా మడతపెట్టి ఇస్తాను.
ఎందుకింత తక్కువ తెచ్చావని
ఎవరికీ జుల్మానా వేయలేదు, అన్నాను.
కాసేపు ఫ్యాను చప్పుడొక్కటే.

రెండు వేల నాలుగువందల డెబ్బై ఎనిమిది,
పైన ఖర్చులకి వెయ్యి.
అచ్చు మిషను ఆ వరసని కాస్త వంకరగా కొట్టింది.
అలవాటు చొప్పున
అరచేత్తో సాపుచేయబోయాను.

దాని కిందే, అదే తేదీతో,
ఎస్సెమ్మెస్ చార్జీ, పదిహేడు డెబ్బై.

ఇళంగో కోటు
ఇంకోసారి రుద్దాలి.