ఉంగరంలో ఆగిన ముడి

జనవరిలో హాప్సాలుకు తెల్లారేది తొమ్మిదికి.
నా వేళ్లకు పదకొండు దాటాకే.
అంతవరకూ అవి నావి కావు.
జామ్ సీసా మూత తియ్యాలంటే
పక్కింటివాళ్ల చేతులు అరువడిగినట్టుండేది.

డాక్టర్ ఉర్మాస్ మందుచీటీ వెనక నీ బొమ్మ గీశాడు:
కణం గోడకు లోపలివైపు ఆనుకుని
ఓ తపాలా బంట్రోతు.
బయట ఎవరో తలుపు తడతారు.
నువ్వు ఫాస్ఫేటు ముద్ర ఒకటి గుద్ది
కబురు లోపలికి పంపుతావు:
శత్రువొచ్చాడు, లేవండి.

శత్రువెవరూ రాలేదు.
అక్కడున్నది నా మణికట్టు,
అరవై రెండేళ్లుగా ఆ ఇంట్లోనే ఉంటున్న మణికట్టు.
తాడును చూసి పామన్నావు.
అన్నాక ఇక ఆపలేదు.

కోపమొచ్చింది నీ మీద.
కానీ నాకు ఏడేళ్లప్పుడు, న్యుమోనియా రాత్రుల్లో,
అమ్మ కునుకు తీసినప్పుడు కూడా
ఇదే ముద్ర గుద్దుతూ మేలుకున్నది నువ్వే కదా.
వాడప్పుడు నిజంగానే వచ్చాడు.

అందుకే నిన్ను చంపరట.
నువ్వు సిరా అద్దుకునే గుంట ఒకటుందట,
గుండుసూది మొన దాని ముందు మైదానం.
ఈ మాత్ర వెళ్లి ఆ గుంటలో కూర్చుంటుంది.
ముద్ర నీ చేతిలోనే ఉంటుంది, పడదు.
రాత్రికి లేచి వెళ్లిపోతుంది,
అప్పుడు ఇంకో మాత్ర.

"నిజం కబుర్లూ కొన్ని ఆగిపోతాయి" అన్నాడు ఉర్మాస్,
కళ్లద్దాలు తుడుచుకుంటూ.
జ్వరమొస్తే ఫోన్ చెయ్యమన్నాడు,
నెలనెలా రక్తం ఇచ్చి పొమ్మన్నాడు.
జూన్‌లో నడుం చుట్టూ సర్పి పాకింది.
ఆ కబురు నీ దాకా వచ్చి
ముద్ర పడక వెనుదిరిగి ఉంటుంది.

అంతకుముందు, మార్చిలో, ఓ మంగళవారం
ఎనిమిదింబావుకు
సీసా మూత తిప్పాను.
తిప్పాక గాని తెలియలేదు, తిప్పానని.

మా ఊళ్లో అల్లిన శాలువా అసలుదో కాదో
పెళ్లి ఉంగరంలోంచి లాగి చూస్తారు.
అయిదేళ్లుగా నా వేలికెక్కని ఉంగరం
కిటికీ మేకుకు వేలాడుతోంది.
నిన్న దాన్ని దించి లాగాను.
పొగలా జారుతూ వచ్చింది,
లిల్లీ పూల వరస మొత్తం వచ్చింది,
జనవరి దగ్గర ఆగింది:
మాత్రకు ముందు
పళ్లు బిగబట్టి వేసిన ముడులు,
వంకరవి, గట్టివి, ఓ జానెడు.

"విప్పి మళ్లీ అల్లరాదూ" అంది
కొనడానికొచ్చిన తీయు.

ఉంగరం వెనక్కి తీసి
ధర తగ్గించి చీటీ రాశాను.