రెండు తాళాలు

మక్వాలా తన తాళంచెవి తిప్పి పక్కకి జరిగింది.
జొఖొలా వచ్చి తనది తిప్పాడు.
ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.
తలుపు మాత్రం ఇద్దరి మాటా విన్నట్టు
మూలిగి తెరుచుకుంది.

నడుమెత్తు గుమ్మం. నెత్తి బాదుకున్నాను.
"గుర్రం దిగని మొండివాళ్ళ కోసం అలా కట్టారు"
అంది ఆమె, జాలేమీ లేకుండా.

లోపల పొడుగునా నా అడుగులు ఏడు. అడ్డంగా నాలుగు.
పదిమంది నిలబడితే
పదకొండోవాడు మంచులో నిలబడి మొక్కుకోవాలి.
స్వానేతి కొండల్లో ఇది ఊరి గుడి కాదు,
ఒక్క ఇంటిపేరుది. దోల్గియానీలది.
పెళ్ళికి, చావుకి, ప్రమాణానికి,
తప్పిపోయిన ఎద్దు దొరికినందుకు
వాళ్ళే తెరిచి, వాళ్ళే మూసుకునేది.

టేపు చాపి రాసుకుంటూ పోయాను:
తూర్పున అర్ధచంద్రపు గూడు,
అందులో అరచెయ్యి దూరేంత కిటికీ ఒక్కటి.
ఏటికి రెండు పొద్దులు
సూర్యుడు సరిగ్గా అందులోంచి వచ్చి
బలిపీఠాన్ని తాకి పోతాడట.
నేను చూడలేదు. జొఖొలా చెప్పాడు, గోడతో చెప్పినట్టు.
రాయి వాగు అవతలిది, తెల్లటి బోలురాయి,
ఎండాకాలంలోనూ చక్రాలెరగని జారుడుబళ్ళ మీద
ఎద్దులు లాక్కొచ్చింది.
కమాను సున్నంలో
ఆనాడు ఆనించిన పలకల చారలు అలాగే ఉన్నాయి.
ఒక పలకకి ముడి ఉండేది కాబోలు.
ఎనిమిది వందల ఏళ్ళ కింద
ఎవరి పొయ్యిలోనో కాలిపోయిన చెట్టు కన్ను
ఇంకా కిందికి చూస్తోంది.

ఉత్తరపు గోడ మీద అన్నదమ్ములు,
గెలఖ్సాన్, ఇనాల్.
చెరో పక్కా పట్టుకుని
ఇదే గుడిని, రొట్టెంత గుడిని,
పైకెత్తి ఇస్తున్నారు.
చిత్రకారుడికి చేతులు గీయడం రాదు.
ఏ వేళ్ళు ఎవరివో తెలీకుండా కలిసిపోయాయి.
బొమ్మలో తలుపుకి తాళం లేదు.

తాళాలు చాలా తర్వాతి సంగతి.
గడ్డిబీడు కోసం మొదలైందంటుంది మక్వాలా.
బీడు కాదు, గంట కోసం, అంటాడు జొఖొలా.
చెప్పింది నాకు. వినాల్సింది ఆమె.
దాయాదులు ఎడమొగం పెడమొగమై
పైన ఒక తాళం, కింద ఒక తాళం బిగించుకున్నారు,
ఒకరు లేందే ఒకరు దేవుణ్ణి చూడకుండా.
యాభై రెండేళ్ళు
ఎవరూ చూడలేదు.

టోపీల మీద ఎర్రనక్షత్రాలతో వచ్చినవాళ్ళు
ఒక తాళంచెవి లాక్కున్నారు.
రెండోది ఏదంటే
"ఆ ఇంటితో మాకు మాటల్లేవు" అన్నారు ఈ ఇంటివాళ్ళు.
అంత నమ్మదగిన నిజం ఆ గడపలో ఎప్పుడూ పుట్టలేదు.
గొడ్డళ్ళు తెస్తామని దిగి వెళ్ళారు.
ఆ రాత్రే కొండ మంచు విరిగి దారి మూసింది.
దారి తెరుచుకునేసరికి
వాళ్ళకి వేరే పనులు పడ్డాయి.
పక్క లోయలో గుళ్ళు ఆలుగడ్డల కొట్లయ్యాయి.

ఇక్కడ కొవ్వొత్తి వెలగలేదు.
పొగ లేదు, మనిషి ఊపిరి తడి లేదు.
అందుకే ఇనాల్ అంగీ నీలం
నిన్న కుంచె ఎత్తినట్టుంది.
రోజూ దీపం పెట్టి ముద్దాడిన గోడలు
మసిబారి ముసలివయ్యాయి.
పగపట్టి మూసేసింది మిగిలింది.
నా కాగితంలో "స్థితి: బాగుంది" అని ఒక గడి.
"కారణం" అని ఇంకో గడి.
పెన్సిల్ చెక్కుకుంటూ చాలాసేపు కూచున్నాను.

చీకటి పడుతుంటే బయటికొచ్చాం.
ముందు జొఖొలా కింది తాళం,
తర్వాత మక్వాలా పైది.
ఇద్దరూ చెరో కాలిబాటనా దిగారు,
వాగు మీద వంతెన మాత్రం ఒక్కటే.
ఆమె దాటేదాకా
అతను బూటు లేసు కట్టుకుంటూ ఉండిపోయాడు.
కట్టి ఉన్న లేసే.

నా టేపు లోపలే మర్చిపోయాను.
రేపు రెండు తలుపులు తట్టాలి.